త్రాగునీటి లెక్కలు

నీటి మంచిచెడ్డలను కంటితోను నాలుకతోను నిర్ణయించుట పెద్దలనాటి నుండి వచ్చిన అలవాటు. తేటగా నున్న మంచినీరు. పప్పు ఉడికిన మరింత మంచినీరు. ఈ పరీక్షలు వ్యర్థములని అనరాదు. పప్పు ఉడకని నీరు కఠినజలమని రసాయనశాస్త్రమును ఒప్పుకొనుచున్నది. అయినను ఈ పరీక్షలకు చిక్కని దోషమొకటి కలదని తెలుగుసీమకు 1937లో తెలియవచ్చినది.

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినవి. అచ్చట ఎడ్లు కీళ్ళు బిగిసి నడువలేకపోవుటను రైతులే ముందుగా గుర్తించిరని చెప్పుదురు. మనుష్యులలోను పిల్లల పండ్లకు గారవన్నె మచ్చలు, పెద్దలకు వంగిన నడుములు, తిరుగని మెడలు! పూర్వజన్మ కర్మమని కొందరనుకొనిరేమో గాని, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు షార్టు, పండిత్, రాఘవాచారి గారలు దోషము బావినీటిలోని ఫ్లోరైడుదని 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో ప్రకటించిరి. ఇది భూగర్భపు రాళ్ళనుండి నీటిలో కరగి వచ్చును. దీనికి రంగు లేదు, వాసన లేదు, అంత కొలది పరిమాణమున రుచియు లేదు. కాచినను పోదు, నీరు ఆవిరియైన కొలదియు మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. కనుక దీనిని పట్టి చూపునది కాగితముమీది అంకె యొక్కటే.

ఆ అంకెను చదువుటలోనే చిక్కున్నది. ఆంగ్లేయుల నాటి నీటి పరీక్షలలో లక్షపాళ్ళకు ఇన్ని పాళ్ళని వ్రాయు వాడుక యుండెను. ఇప్పుడు లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని వ్రాయుదురు. పాతపత్రములో లక్షపాళ్ళకు 0.3 అని యున్నచో నేటి లెక్కకు అది 3. కొలమానము చూడక చదువుట రూపాయలను అణాలుగా కూడుట వంటిది.

2012 నాటి భారత ప్రమాణము (ఐ.ఎస్. 10500) ఫ్లోరైడునకు రెండు హద్దులు పెట్టినది: అంగీకరింపదగినది 1 మిల్లీగ్రాము, వేరు నీటివసతి లేనిచోట 1.5 వరకు ఓర్వదగినది. రెండవది గత్యంతరము లేనివారికిచ్చిన సడలింపేగాని మంచినీటికి గురుతు కాదు. 1.4 అని యున్న పత్రముమీద ‘హద్దులో నున్నది’ అని వ్రాసినచో అబద్ధము కాదు, పూర్ణసత్యమును కాదు. ఎండలో పనిచేయువాడు దినమునకు త్రాగు నీరెంత? అంకె లీటరుకు గదా, మనిషికి కాదు. పిల్లల పండ్లపై పింగాణి సుమారు ఎనిమిదేండ్లలోపుననే ఏర్పడును. ఆ వయస్సులో పడిన మచ్చ తిరిగి పోదు.

ఏ బావి నీరో, ఏ తేదీన తీసినదో లేని పత్రము ఆసామి పేరు లేని పద్దు. ఒకే యూరిలో రెండు బోర్లకు లోతు వేరు, రాయి వేరు, అంకెయు వేరు. ఎండకాలమునకును వానకాలమునకును తేడా యుండవచ్చును. సూక్ష్మజీవుల పరీక్షకైతే తేదీయే గాక గంటయు కావలెను. శుభ్రపరచిన సీసాలో, చల్లగా నుంచి, 24 గంటలలోపున చేరని నీటి ఫలితము నమ్మదగినది కాదు. ఆ జాతిలో 100 మిల్లీలీటర్లకు ఒక్క ఇ-కోలియు ఉండరాదు.

హైదరాబాదు సంస్థానములోని ఈ వ్యాధిని గూర్చి 1945లో అదే పత్రిక ప్రకటించెను. నాగపూరులోని నీరీ సంస్థ పటిక, సున్నములతో ఫ్లోరైడును తీయు పద్ధతిని కనిపెట్టి దానికి నల్లగొండ పేరే పెట్టినది. వ్యాధివలన వచ్చిన కీర్తి! 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథచే నదీజలము గొట్టములలో అచ్చటి గ్రామములకు వచ్చినది. గొట్టపునీరు నాలుగు దినములు నిలిచినచో జనము మరల పాతబోరునకే పోవుదురు. దాని పద్దు ఏ బీరువాలో నున్నదో ఆనాడు వెదకవలసియుండును.