మూసిన దారి, వెడల్పయ్యే దారి: మేడ్చల్, శామీర్‌పేట మార్గాల్లో స్థానిక అభ్యంతరాల చరిత్ర

ఉపోద్ఘాతం

సికింద్రాబాదు నుంచి ఉత్తర దిశగా సాగే ప్రధాన మార్గాలు రెండు. మొదటిది బోయిన్‌పల్లి, సుచిత్ర, కొంపల్లి మీదుగా మేడ్చల్ చేరే నాగపూర్ రహదారి. ఒకప్పటి 7వ నంబరు జాతీయ రహదారే ఇప్పుడు 44వ నంబరుతో వ్యవహారంలో ఉంది. రెండవది కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్, హకీంపేటల మీదుగా శామీర్‌పేట దాటి కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి. ఈ మార్గాల విషయంలో గత దశాబ్దంలో వెలువడిన స్థానిక అభ్యంతరాలు పైకి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. కంటోన్మెంటులో దారులు మూసినప్పుడు నివాసులు దారి కావాలన్నారు. రాజీవ్ రహదారిని 200 అడుగులకు విస్తరించే ప్రతిపాదన వచ్చినప్పుడు అంత వెడల్పు వద్దన్నారు. దీనిని అభివృద్ధి వ్యతిరేకతగా కొట్టివేయడం సులభం. అయితే నిర్ణయానికి ముందు ఎవరి మాట వినాలన్న ప్రశ్న రెండు సందర్భాలలోనూ ఒకటేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

దండు దారులు

1798 సైన్య సహకార సంధి అనంతరం హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన బ్రిటిషు సైన్యం విడిది చేసింది. ఆ విడిదికి 1806లో నిజాం సికందర్ జా పేరు వచ్చింది. తిరుమలగిరి, బొల్లారం వరకు దండు విస్తరించిన కాలంలో వేసిన బాటలు కవాతుకూ, సరకు రవాణాకూ ఉద్దేశించినవి. బొల్లారంలో 1860లో నిర్మించిన భవనమే నేటి రాష్ట్రపతి నిలయం. శామీర్‌పేట వెళ్ళే ప్రతి బస్సూ దాని పక్కగానే పోతుంది. మల్కాజిగిరి, అల్వాల్, యాప్రాల్, కొంపల్లి గ్రామాలు కాలనీలుగా మారిన తర్వాత ఈ బాటలే పౌరుల నిత్య మార్గాలయ్యాయి. భూమి రక్షణ శాఖది, అలవాటు ప్రజలది. ఈ చిక్కు చాలాకాలం ఎవరినీ బాధించలేదు.

2014లో ఏ.ఓ.సి. కేంద్రం పరిధిలోని దారులపై పౌర వాహనాలను నియంత్రించే ప్రయత్నంతో వివాదం ముదిరింది. సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్, మల్కాజిగిరి నివాసులు నిరసన తెలిపారు. సైన్యం చూపిన కారణం భద్రత. దానిని తేలికగా తీసుకోవలసిన పని లేదు. 2018 మేలో రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ కాలంలో దేశంలోని కంటోన్మెంట్లలో మూసిన దారులు తెరవాలన్న ఆదేశం వెలువడగానే, సైనికాధికారుల కుటుంబాలు అదే భద్రతను ప్రస్తావిస్తూ అభ్యంతరం తెలిపాయి. అంటే దారి తెరవడానికి కూడా స్థానిక వ్యతిరేకత ఉన్నది. చరిత్రకారులు ‘స్థానికులు’ అన్న మాటను ఏకవచనంగా వాడరాదనడానికి ఇది చాలు.

ఇక్కడ చట్టం మౌనంగా లేదు. 2006 కంటోన్మెంట్ల చట్టం 258వ సెక్షన్ ప్రకారం భద్రతా కారణాలతో తప్ప వీధిని శాశ్వతంగా మూయరాదు. అప్పుడు కూడా బహిరంగ ప్రకటన ఇచ్చి, ప్రజల అభ్యంతరాలను, సూచనలను ఆహ్వానించాలి. మూత తాత్కాలికమా, శాశ్వతమా అన్న వాదం ఈ సెక్షన్ నుంచే పుట్టింది. ఏటా పొడిగించే తాత్కాలికం శాశ్వతానికి ఎంత దూరమో సామాన్యుడికి అర్థం కాదు.

కోవిడ్ కాలంలో కొన్ని దారులు మళ్ళీ మూతపడ్డాయి. రాష్ట్ర మంత్రి కె. తారక రామారావు రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్‌కు లేఖ రాశారు. 2022 మార్చిలో శాసనసభలో మాట్లాడుతూ, దారులు మూస్తూపోతే కంటోన్మెంటుకు నీరు, విద్యుత్తు నిలిపివేస్తామని హెచ్చరించారు. నిజానికి అభ్యంతరాలు వినవలసిన పాలకమండలికి చివరి ఎన్నికలు 2015 జనవరిలో జరిగాయి. 2023 ఏప్రిల్ 30కి ఎన్నికలు ప్రకటించి, ఆ ప్రకటనను మార్చిలోనే ఉపసంహరించారు. వినే వేదిక బలహీనపడినకొద్దీ తగవు మంత్రుల లేఖలకూ, సభా హెచ్చరికలకూ మళ్ళింది.

విస్తరణ, దానిపై అభ్యంతరం

లోపలి దారి మూతపడితే ఆ వాహనాలన్నీ ప్రధాన రహదారికే చేరతాయి. కొలతలో తగ్గకపోయినా ఆ రహదారి ఆచరణలో ఇరుకవుతుంది. పై వంతెన మార్గాల ఆలోచనకు ఈ నేపథ్యం కూడా ఉంది. వాటికి కావలసిన రక్షణ భూముల కోసం తెలంగాణ ప్రభుత్వం ఏళ్ళ తరబడి కేంద్రంతో సంప్రదించింది. ఒక దశలో ఈ కోరిక సచివాలయానికి బైసన్ పోలో మైదానం అడగడంతో ముడిపడింది. చివరకు 2024 మార్చి 1న కేంద్రం సుమారు 175 ఎకరాలకు అనుమతినిచ్చింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మార్చి 7న అల్వాల్‌లో రాజీవ్ రహదారి మార్గానికి శంకుస్థాపన చేశారు. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వద్ద బాహ్యవలయ రహదారి వరకు 18 కిలోమీటర్లకు పైగా సాగే ఆరు లేన్ల ఈ మార్గం అంచనా వ్యయం రూ.2,232 కోట్లు. మార్చి 9న ప్యారడైజ్–డెయిరీ ఫాం మార్గానికి కండ్లకోయలో శంకుస్థాపన జరిగింది.

లేన్‌కు 3.5 మీటర్ల లెక్కన ఆరు లేన్లకు 21 మీటర్లు చాలు. 200 అడుగులంటే దాదాపు 61 మీటర్లు. మిగిలినది స్తంభాలకు, కింది దారికి, ఇరువైపులా అనుబంధ దారులకు, భవిష్యత్ మెట్రోకు అవసరమని ప్రణాళికా దృష్టి. రహదారి పక్కన దుకాణం, ఇల్లు ఉన్నవారి దృష్టిలో అదే వారి జీవనాధారం. చిన్న స్థలంలో సగం పోతే మిగిలిన సగం నిర్మాణానికి పనికిరాదు. కంటోన్మెంటులో పాత గ్రాంటు కింద ఉన్న ఆస్తులకు మరో చిక్కు: కట్టడం అనుభవదారుది, నేల ప్రభుత్వానిది. పరిహారం దేనికి లెక్కగట్టాలి? ఆస్తిదారులు వెడల్పు తగ్గించమని హెచ్.ఎం.డి.ఏ.ను కోరారు, న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2013 భూసేకరణ చట్టం 15వ సెక్షన్ ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 రోజుల్లోగా అభ్యంతరం తెలిపే హక్కునిస్తుంది. కంటోన్మెంటు చట్టంలోని 258వ సెక్షన్‌కు ఇది తోబుట్టువే.

కాలక్రమం కూడా గమనించదగినది. పై వంతెనలకు శంకుస్థాపన 2024 మార్చిలో జరిగితే, మేడ్చల్, శామీర్‌పేటలకు మెట్రో ప్రకటన 2025 జనవరి 1న వచ్చింది. ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు 23, జూబ్లీ బస్ స్టేషన్ నుంచి శామీర్‌పేటకు 22 కిలోమీటర్లు. ఉత్తర శివారు నివాసులు కోరుతూ వచ్చిన ఆ మెట్రోకు చోటు విడిచే వెడల్పుపైనే ఇరువైపుల ఆస్తిదారుల అభ్యంతరం నిలిచి ఉంది.