శివకాశి నుంచి రంగారెడ్డి జిల్లా దాకా: బాలల రక్షణను మార్చిన పరిశోధనలు

మన రాజపాళయం నుంచి శ్రీవిల్లిపుత్తూరు మీదుగా వెళితే శివకాశి ఎంతో దూరం కాదు. అగ్గిపెట్టెలకు, టపాసులకు, అచ్చుపనికి దేశమంతా ఎరిగిన ఊరది. సోషల్ వర్క్ చదివేవాళ్లకు మాత్రం ఆ పేరు మరో కారణంగా తెలుసు. బాలకార్మికుల గురించి మన దేశంలో జరిగిన ముఖ్యమైన అధ్యయనాల్లో శివకాశి ప్రస్తావన తరచుగా వస్తుంది. అదే సమస్యకు గట్టి జవాబొకటి తెలుగునాట దొరికింది. ఆ పరిశోధనలేమిటో, వాటివల్ల ఏం మారిందో, మన ఇళ్లకు వాటితో ఏం పనో ఇక్కడ చెబుతున్నాం.

పాత పునాది

పిల్లల కోసం ప్రత్యేకంగా చట్టం చేయడంలో మద్రాసు రాష్ట్రమే ముందుంది. 1920 నాటి మద్రాసు బాలల చట్టం ఇటు మన ప్రాంతానికీ, అటు కోస్తా, రాయలసీమ జిల్లాలకూ ఒకటే. 1936లో బొంబాయిలో టాటా సంస్థ, 1952లో మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మొదలయ్యాయి. అంతవరకూ దానధర్మంగా సాగిన సేవ అలా ఒక చదువుగా మారింది. ఈ మధ్యకాలంలోనే, 1937లో, రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలు.

శివకాశి నేర్పిన పాఠం

1979లో గురుపాదస్వామి కమిటీ బాలకార్మికుల స్థితిపై కేంద్రానికి నివేదిక ఇచ్చింది. 1983లో స్మితు కొఠారి శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమలో పిల్లల బతుకు గురించి 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో రాశారు. అప్పటికి విరుదునగర్ జిల్లా ఇంకా ఏర్పడలేదు. మనమంతా రామనాథపురం జిల్లాలోనే ఉన్నాం. 1986లో బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం వచ్చింది. 1988లో జాతీయ బాలకార్మిక పథకం మొదలైనప్పుడు తొలి విడత ప్రాంతాల్లో శివకాశితో పాటు పలకల పరిశ్రమ ఉన్న మార్కాపురం కూడా ఉంది.

1991లో అమెరికా రాజనీతి శాస్త్రజ్ఞుడు మైరన్ వీనర్ 'ద చైల్డ్ అండ్ ద స్టేట్ ఇన్ ఇండియా' అనే పుస్తకం ప్రచురించారు. పిల్లలు పనికి పోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదన్నది ఆయన వాదం. కూలివాళ్ల పిల్లలు కూలికే పోతారన్న నమ్మకం అధికారుల్లోనూ, చదువుకున్న మధ్యతరగతిలోనూ పాతుకుపోయిందనీ, అందుకే నిర్బంధ విద్య అమలు కావడం లేదనీ ఆయన రాశారు. ఆ మాట చాలామందికి నచ్చలేదు గానీ, చర్చ మాత్రం అక్కడి నుంచి దారి మళ్లింది.

శివకాశి పిల్లల విషయమై ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 10న తీర్పు చెప్పింది. నిబంధనలకు విరుద్ధంగా పనిలో పెట్టుకున్న ఒక్కో బిడ్డకు యజమాని రూ. 20,000 సంక్షేమ నిధికి కట్టాలని ఆదేశించింది.

తెలుగునాట దొరికిన జవాబు

నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించారు. తాతగారైన మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ ద్వారా 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వెట్టిచాకిరిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చే పని సాగించారు. వయసు మించిన పిల్లలను ముందు శిబిరాల్లో చదివించి, తర్వాత వయసుకు తగిన తరగతిలో చేర్చడం వారి పద్ధతి. బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే లెక్కించాలన్నది వారి సూత్రం. దాంతో ఇంటిపని చేసే ఆడపిల్లా, పశువులు కాసే పిల్లవాడూ మొదటిసారి లెక్కలోకి వచ్చారు.

ఆమెకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ ఏడాదే ఐరోపాలో మొదలైన బాలకార్మిక వ్యతిరేక ప్రచారానికి ఈ నమూనాయే ఆధారమైంది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినప్పుడు దాని అమలును గమనించే బాధ్యత ఆ కమిషన్‌కే దక్కింది.

పత్తితో బతికే మన ఊరు తెలుసుకోవలసిన అధ్యయనం మరొకటి ఉంది. హైదరాబాదు పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2001లో ఆంధ్రప్రదేశ్ పత్తి విత్తన చేలలో ఆడపిల్లల వెట్టిచాకిరిని బయటపెట్టారు. హైబ్రిడ్ విత్తనం కోసం పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి. ఆ పని ఎక్కువగా చిన్నపిల్లల చేతనే చేయించేవారు. ఆయన తరువాతి నివేదికలు గుజరాత్, కర్ణాటక, తమిళనాడు చేలనూ పరిశీలించాయి. వాటి ఒత్తిడితో కొన్ని విత్తన కంపెనీలు చేలలో తనిఖీలకు ఒప్పుకున్నాయి.

మన ఇంటి గడపలో

"పల్లెలో తిండికి లేదు పాపం, మా ఇంట్లో ఉంటే నాలుగు మెతుకులు తింటుంది" అన్న మాట మనవాళ్ల ఇళ్లలో మేమూ విన్నాం, మేమూ అన్నాం. దయతో అన్న మాటే కావచ్చు. కానీ వీనర్ ఎత్తిచూపినది సరిగ్గా ఈ ఆలోచననే. మన పిల్లలు బడికి వెళ్లే వేళకు ఆ పిల్ల మన వాకిలి ఊడుస్తుంది.

అందుకని ఈ నాలుగు విషయాలు గుర్తుంచుకుందాం:

- 14 ఏళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నిషిద్ధం.
- 2016 సవరణ తర్వాత ఆ వయసువారిని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. బడి వేళ తర్వాతా, సెలవుల్లోనూ సొంత కుటుంబ వృత్తిలో సాయపడడానికి మాత్రం, ప్రమాదకరం కానంతవరకు, మినహాయింపు ఉంది. ఇంట్లో మగ్గం ఉన్నవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.
- 14 నుంచి 18 ఏళ్లలోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. బాలల న్యాయ చట్టం ప్రకారం 18 నిండేదాకా బిడ్డే.
- ఆపదలో ఉన్న బిడ్డ కంటపడితే 1098కి ఫోన్ చేయవచ్చు. 1996లో టాటా సంస్థలో ఒక క్షేత్ర ప్రాజెక్టుగా మొదలైన సేవ ఇది. ఆ తర్వాత బిడ్డ బాగోగులు చూసే బాధ్యత జిల్లా బాలల సంక్షేమ కమిటీది.

మన పెద్దలు ఈ ఊళ్లో బడులు కట్టించారు. వాటి గంట మోగే వేళకు మన వీధిలో ఏ బిడ్డ పనిలో ఉందో చూడడం మన వంతు.