తిని వేసుకున్నా తప్పని ముప్పు
నొప్పి మాత్రలతో చిన్నపేగుకు పుండ్లు.. అన్నం కాపాడేది కొంతవరకే

నాట్ల కాలంలో నడుము నొప్పి, పత్తి ఏరే రోజుల్లో మెడ, భుజాల పోటు, వయసు మీద పడ్డాక మోకాళ్ల నొప్పులు.. కారణం ఏదైనా పల్లెల్లో ముందుగా గుర్తొచ్చేది నొప్పి మాత్రే. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను చికున్‌గున్యా కుదిపేసినప్పుడు కీళ్ల నొప్పులు నెలల తరబడి వదలక ఎంతోమంది ఈ మాత్రలకు అలవాటు పడ్డారు. వీటిని చేతిలో పెట్టేవారు చెప్పే జాగ్రత్త ఒక్కటే: 'ఏమైనా తిని వేసుకో'. ఆ మాటలో నిజం సగమే. అన్నం కడుపులో మంటను, వికారాన్ని కొంత తగ్గించగలదు. దానికి దిగువన ఉన్న చిన్నపేగును మాత్రం కాపాడుతుందని చెప్పడానికి ఆధారం లేదు. జంతువులపై జరిగిన పరిశోధనల్లోనైతే ఫలితం ఇందుకు పూర్తిగా విరుద్ధంగా వచ్చింది.

నొప్పితో పాటే రక్షణా పోతుంది
డైక్లోఫెనాక్‌, అసిక్లోఫెనాక్‌, ఐబుప్రొఫెన్‌, నాప్రోక్సెన్‌, ఇండోమెథాసిన్‌, పైరాక్సికామ్‌, ఆస్పిరిన్‌ ఒకే కుటుంబానికి చెందిన మందులు. జ్వరానికి వాడే పారాసిటమాల్‌ ఈ కోవలోకి రాదు. ఇవి శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని అడ్డుకుంటాయని బ్రిటన్‌ శాస్త్రవేత్త జాన్‌ వేన్‌ 1971లో నిరూపించారు. ఆ కృషికి 1982లో మరో ఇద్దరితో కలిసి నోబెల్‌ బహుమతి అందుకున్నారు. చిక్కంతా ఇక్కడే ఉంది. వాపు, నొప్పి కలిగించేవి ప్రోస్టాగ్లాండిన్లే.. జీర్ణాశయం, పేగుల లోపలి పొరకు రక్తప్రసరణ సరిగా అందేలా చూసి, జిగురును ఊరించి కాపాడేవీ అవే. నొప్పి తగ్గించే ప్రయత్నంలో ఆ రక్షణ కూడా తగ్గిపోతుంది.

ఈ కారణంగానే, 'గోలీ వద్దు, సూది వేయించుకుంటే కడుపుకు ఏమీ కాదు' అనే నమ్మకం సరైంది కాదు. సూది ద్వారా ఎక్కించినా మందు రక్తంలో కలిసి అదే పని చేస్తుంది. పైగా డైక్లోఫెనాక్‌, ఇండోమెథాసిన్‌ వంటివి కాలేయం నుంచి పైత్యరసంతో కలిసి మళ్లీ పేగులోకే చేరతాయి.

కెమెరా బిళ్లతో వెలుగులోకి
చాలాకాలం వైద్యుల దృష్టి జీర్ణాశయం పుండ్లపైనే ఉండేది. గొట్టంతో చేసే మామూలు ఎండోస్కోపీ చిన్నపేగు మొదటి భాగం దాటి లోపలికి వెళ్లదు. మింగే బిళ్లలోనే కెమెరా అమర్చిన క్యాప్సూల్‌ ఎండోస్కోపీ 2001 నుంచి వైద్యులకు అందుబాటులోకి రావడంతో లోపలి సంగతి బయటపడింది. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న 40 మందికి రెండు వారాలపాటు డైక్లోఫెనాక్‌తో పాటు ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్‌ కూడా ఇచ్చి చూశారు. వారిలో 68 శాతం మందికి చిన్నపేగులో కొత్తగా గాయాలు కనిపించాయి. అదే ఏడాది వచ్చిన మరో పరిశీలనలో దీర్ఘకాలంగా ఈ మాత్రలు వాడుతున్నవారిలో 71 శాతం మందికి పేగు దెబ్బతినగా, వాడనివారిలో అది 10 శాతమే.

అంటే జనం 'గ్యాస్‌ గోలీ'గా పిలుచుకునే ఒమెప్రజోల్‌, పాంటాప్రజోల్‌ జీర్ణాశయానికి మేలు చేస్తాయే తప్ప చిన్నపేగుకు కాదు. అక్కడ ఆమ్లం సమస్యే కాదు. ఆమ్లం తగ్గితే పేగులోని సూక్ష్మజీవుల సమతూకం మారి గాయాలు మరింత పెరుగుతాయని ఎలుకలపై 2011లో జరిగిన పరిశోధన తేల్చింది. అలాగని వైద్యులు రాసిన గ్యాస్‌ మాత్రను మానుకోవడం తగదు. జీర్ణాశయం నుంచి జరిగే రక్తస్రావం ప్రాణాంతకం కాగలదు, దాన్ని నివారించడంలో ఆ మాత్ర పాత్ర పెద్దది.

ఆకలితో ఉన్న ఎలుకకు పేగు చెడలేదు
ఆహారం పాత్రపై గట్టి ఆధారం 1982లో 'గ్యాస్ట్రోఎంటరాలజీ' వైద్య పత్రికలో వచ్చింది. ఎలుకలకు ఇండోమెథాసిన్‌ ఇచ్చినప్పుడు, పస్తులున్న వాటికి జీర్ణాశయం పైభాగంలోనే గాయాలయ్యాయి, పేగు బాగానే ఉంది. మేత పెట్టిన వాటికి జీర్ణాశయం చివరి భాగంలోనూ, చిన్నపేగులోనూ పుండ్లు పడ్డాయి.

తిన్నప్పుడు పైత్యరసం పేగులోకి దిగుతుంది, దానితో పాటే మందూ వస్తుంది. పైత్యరసం, మందు కలిస్తే పేగు పొరపై దెబ్బ పెరుగుతుంది. పైత్యనాళాన్ని కట్టేసిన ఎలుకల్లో పుండ్లు పడకపోవడం ఇందుకు నిదర్శనం. పొర కాస్త తెరుచుకోగానే సూక్ష్మజీవులు లోపలికి చొరబడతాయి. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలు ఈ మందును బాగా తట్టుకున్నాయి. ఆ తర్వాతి ప్రయోగాల్లో మరో విషయం తెలిసింది. నీటిలో కరగని పీచు బలహీనపడిన పొరను ఒరుసుకుంటూ పోయి గాయాన్ని పెంచింది. పండ్లలో ఉండే పెక్టిన్‌ వంటి కరిగే పీచు తగ్గించింది.

ఇవన్నీ జంతువులపై తేలిన సంగతులు. వీటిని చూసి జొన్నరొట్టె, ఆకుకూరలు మానేయనక్కర్లేదు. పస్తులుండి మాత్రలు మింగడమూ సరికాదు. జీర్ణాశయానికి ముప్పు ఎటూ ఉంటుంది. ఒక్కపొద్దు రోజున ఖాళీ కడుపుతో వేసుకుంటే మంట, వాంతులు రావొచ్చు. అయితే తిన్న వెంటనే వేసుకుంటే మందు రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది, ఉపశమనమూ ఆలస్యమవుతుంది. నొప్పి తగ్గలేదని గంటలోనే రెండో మాత్ర వేసుకోవడం చాలామంది చేసే పని. ఇక్కడే ప్రమాదం పెరుగుతుంది. మాత్రను భోజనానికి ముందా, తర్వాతా అన్నదానికంటే ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నదే పేగు విషయంలో ముఖ్యం.

ఎవరికి ఎక్కువ?
65 ఏళ్లు పైబడినవారు, గతంలో పుండ్లు ఉన్నవారు, రక్తం పలచబరిచే మందులు, స్టెరాయిడ్లు వాడేవారు, మద్యం అలవాటున్నవారు జాగ్రత్తగా ఉండాలి. రెండు వేర్వేరు పేర్ల పట్టీల్లో ఒకే మందు ఉండటం సాధారణం. ఒక చోట డైక్లోఫెనాక్‌, మరో చోట అసిక్లోఫెనాక్‌ కొని రెండూ వేసుకునేవారికి ప్రమాదం మరీ ఎక్కువ. గుండె జబ్బుకు రాసిన తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను మాత్రం వైద్యులను అడగకుండా ఆపకూడదు. పేగుపై ప్రభావం తక్కువగా ఉండే సెలికాక్సిబ్‌ వంటి మందులున్నా, ఇదే కోవకు చెందిన రోఫికాక్సిబ్‌ను గుండెపోటు ముప్పు వల్ల 2004లో ఉపసంహరించారు. కాబట్టి అదీ వైద్యులే నిర్ణయించాలి.

పేగు పుండ్లు చాలాసార్లు నొప్పి చూపవు. రక్తం చుక్కచుక్కగా పోతూ హిమోగ్లోబిన్‌ పడిపోతుంది. మెట్లెక్కితే ఆయాసం, ముఖం పాలిపోవడం మొదలవుతాయి. ఏళ్ల తరబడి వాడినవారిలో పేగు లోపల పొరలు అడ్డుతెరల్లా పెరిగి దారి ఇరుకై, తిన్నాక మెలిపెట్టే నొప్పి రావొచ్చు. మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రక్తహీనతకు ఇచ్చే ఐరన్‌ మాత్రలు వాడినా మలం నల్లబడుతుంది గానీ, జిగట ఉండదు. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న అన్ని మాత్రల పట్టీలూ, కిరాణా కొట్టులో విడిగా కొన్నవాటితో సహా, వెంట తీసుకెళ్లి చూపిస్తే కారణం త్వరగా తేలుతుంది.