కచేరీకి ఎవరు నడిచి వెళ్ళాలి?

శ్రీకాకుళం జిల్లా ఉత్తరాన పలాస, టెక్కలి, ఉద్దానం అనగానే మన రాతలకు గుర్తొచ్చేవి జీడిపప్పు, కొబ్బరితోటలు, తుపాన్లు, కిడ్నీ జబ్బు, 1960ల చివరి నక్సలైట్ పోరాటం. సంగీతం ప్రస్తావన వస్తే జముకుల కథ దగ్గరో తప్పెటగుళ్ళ దగ్గరో కలం ఆగిపోతుంది. శాస్త్రీయ సంగీతం విజయనగరం దాటి ఉత్తరానికి రాలేదని, ఇక్కడ సభలు లేవు గనక శ్రోతలూ లేరని చాలామంది మనసులో ఎప్పుడో తీర్మానం జరిగిపోయింది. ఆ తీర్మానం సరికాదని నా వాదన. ఈ తీరంలో తరతరాలుగా పాటగాడే శ్రోత ఉన్నచోటికి వచ్చేవాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ ప్రయాణం తిరగబడి, శ్రోతే పాటగాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాల్సి వచ్చింది. అలా వెళ్ళలేకపోయినవాణ్ణి పట్టుకుని వినడం రానివాడని జమకట్టేశాం.

పాత రోజుల నుంచీ చూస్తే, ఇక్కడ పాటకి చోటు గుడి. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం, సముద్రానికి దగ్గర్లో శ్రీకూర్మం తూర్పు గాంగుల కాలంలో వెలిగిన క్షేత్రాలు. శ్రీకూర్మం శాసనాల్లో దేవుడి కొలువుకి సానుల్నీ పాడేవాళ్ళనీ వాయించేవాళ్ళనీ ఏర్పాటు చేసి, వాళ్ళకి జీవనం కల్పించిన సంగతి కనిపిస్తుంది. ఆ పాట దేవుడికి జరిగే సేవ, విన్నవాడు భక్తుడు. కుర్చీలు లేవు, ప్రవేశ రుసుము లేదు, మధ్యలో లేచి వెళ్తే తప్పూ లేదు. టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునుడి లింగానికి పైకప్పే ఉండదు, ఎండా వానా స్వామి మీదే పడతాయి. దేవుడే ఆరుబయట ఉన్న ఊళ్ళలో పాటకి నాలుగు గోడలు కట్టాలన్న ఊహ ఎవరికీ రాకపోవడం వింతేమీ కాదు. నవమి పందిరి, తీర్థం, కార్తీకం, పెళ్ళి ముంగిట సన్నాయి మేళం: ఏడాదిలో సంగీతం వినబడే రోజులు పంచాంగంలోనే రాసి ఉండేవి.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 1936 దాకా టెక్కలి, సోంపేట తాలూకాలు గంజాం జిల్లాలోవి. జిల్లా కచేరీ పనులు ఛత్రపురంలో, పెద్ద బజారు బరంపురంలో, రాజావారి ఊరు పర్లాకిమిడి. నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు పడింది కూడా. అంటే ఇక్కడి మనిషి చూపు విజయనగరం కంటే ముందు ఉత్తరానికి పోయేది. ఆ దిక్కున ఒరియా పాటకి గొప్ప సంప్రదాయం ఉంది. పర్లాకిమిడిలో గోపాలకృష్ణ పట్నాయక్ పదాలు, గంజాం సీమలో కవిసూర్య బలదేవ రథ్ చంపువు, అన్నీ రాగతాళాలకు కట్టుబడినవే. మందస, ఇచ్ఛాపురం వైపు ఇళ్ళలో రెండు భాషలూ కలిసి మెలిగేవి. తంజావూరు కొలమానంతో కొలిచి ఇక్కడ శాస్త్రీయ సంగీతం తక్కువ అనేవాళ్ళు ఈ ఉత్తరపు వాకిలిని లెక్కలోకి తీసుకోరు.

పాటగాడు ఊళ్ళోకి రావడమంటే ఏమిటో చెప్పడానికి హరికథని మించిన సాక్ష్యం లేదు. అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు ఈ కళకి పితామహుడు. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండ, వెనక ఫిడేలు, మృదంగం. దాసుగారు కథ చెబుతూ చెబుతూ ఒక కీర్తన ఎత్తుకుంటారు, రాగం నాలుగు సంగతులు విస్తరిస్తారు, వినేవాళ్ళ మొహాలు చూసి పిట్టకథలోకి దూకుతారు, నవ్వు సద్దుమణిగేలోగా మళ్ళీ తాళంలో పడతారు. ఆయన పేరు తెలియని ఊళ్ళో కూడా ఆయన వేసిన దారిలో నడిచిన దాసులు తిరిగారు. కచేరీలో రెండు గంటలు కూర్చోలేని మనిషి హరికథలో తెల్లవార్లూ కూర్చున్నాడంటే రుచి లేక కాదు, రాగాన్ని కథ మోసుకొచ్చింది గనక. ఈ సీమ నాట్యరూపమైన తూర్పు భాగవతంలో సత్యభామ వెనక మోగే మృదంగాలు, పద్యనాటకంలో హరిశ్చంద్రుడి కాటిసీను ఇదే పని చేశాయి. హార్మోనియం మీద రాగం మారగానే పందిట్లో కదలిక వచ్చేదంటే ఆ జనానికి రాగం పేరు తెలియకపోయినా రూపు తెలుసునన్నమాట. శాస్త్రీయ శ్రోతకి ఇంతకంటే ఏం అర్హత కావాలో నాకు బోధపడదు.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలిసింది. మహారాజు విజయరామ గజపతిరాజు తన ఉద్యోగి చాగంటి జోగారావు గారి అంధుడైన కొడుకు చదువు కోసం దాన్ని పెట్టించారని చెప్పుకుంటారు. నారాయణదాసు మొదటి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు అదే ఏడు ఫిడేలు ఆచార్యుడిగా చేరి, 1936లో దాసుగారి తర్వాత అధ్యక్షుడయ్యారు. ఆ కళాశాల తెలుగువాళ్ళకి చేసిన మేలు తక్కువేమీ కాదు. అయితే దాని వల్లే విద్వాంసుడు ఒకచోట స్థిరపడ్డాడు, జీతం వచ్చింది, కచేరీకి హాలు వచ్చింది, పాఠానికి వేళ వచ్చింది. వినదలచినవాడు, నేర్చుకోదలచినవాడు ఇక రైలెక్కాలి. పలాస నుంచి విజయనగరం 130 కిలోమీటర్ల పైమాటే. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల ఆ ఊళ్ళో మధూకరం ఎత్తుకుని చదువుకున్నారు, పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యుడయ్యారు. ఆయన గొప్పతనం అలా ఉంచితే, చదువు పూర్తిచేయడానికి వాకిలి వాకిలికీ తిరిగి అన్నం అడుక్కోవాల్సినంత ఖరీదైన వ్యవహారంగా సంగీతం మారిందని కూడా ఆ ఉదంతం చెబుతోంది. కొబ్బరికాయలు దింపి బతికే కుటుంబం ఆ సాహసం ఎలా చేస్తుంది?

కళాశాలలో చదువుకున్నవాళ్ళు తిరిగి జిల్లాలకి వెళ్ళి పాఠాలు చెప్పలేదా అనవచ్చు. చెప్పారు, కాదనను. కాకపోతే బాగా పాడేవాళ్ళని మద్రాసు లాక్కుంది. ఘంటసాల, సుశీల ఇద్దరూ ఆ కళాశాల విద్యార్థులే, ఇద్దరి గొంతూ ఉద్దానానికి సినిమా పాటగానే చేరింది. ఇటు పోషకులూ తప్పుకున్నారు. 1936 ఏప్రిల్‌లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది, టెక్కలి విశాఖపట్నం జిల్లాలో పడింది, రాజావారి ఊరు పరాయి రాష్ట్రమైంది. 1947లో దేవదాసీ నిషేధ చట్టం, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాయి. రెండూ రావలసినవే. వాటితోపాటు పోయిన సంభావనలకి బదులు ఎవరిస్తారన్నది మాత్రం ఏ చట్టంలోనూ రాయలేదు.

జమీందారుల పోషణని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకోవడమేమిటని ఎవరైనా కసురుకుంటే వాళ్ళ పక్షాన బలమైన సాక్ష్యమే ఉంది. 1940లో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ వెంటనే మందస ఎస్టేటులో రైతుల మీద కాల్పులు జరిగి గున్నమ్మ అనే రైతు మహిళ ప్రాణం పోయింది. దివాణాలు విద్వాంసుడికి కప్పిన శాలువా రైతు శిస్తులోంచి వచ్చిందే. అంచేత నేను పోషణని పొగడను. శిస్తు కట్టినవాడికి హక్కుగా దక్కాల్సింది పాట, ఎస్టేటు పోయాక అదీ దక్కలేదన్నదే నా ఫిర్యాదు.

అంతకంటే గట్టి ఆక్షేపణ కులం గురించి. కీర్తన అగ్రహారానిది, జముకు జనానిది, రెంటినీ కలపడం మాయ అంటారు. పందిట్లో ఎవరు ముందు కూర్చున్నారు, ఎవరు బయట నిలబడి విన్నారు అన్నది నిజంగా అడగాల్సిన ప్రశ్నే, దానికి జవాబు సిగ్గుపడేలాగే ఉంటుంది. కానీ గోడ అనుకున్నంత ఎత్తు లేదు. తూర్పు భాగవతాన్ని నిలబెట్టినవాళ్ళు ఎక్కువగా బ్రాహ్మణేతరులే. బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథని పోరాటానికి ఆయుధం చేసుకుని 1969లో చనిపోయాడు. గుడి గంటకీ జముకుకీ మధ్య ఒక మనిషి నడిచి వెళ్ళగలిగాడంటే, వినేవాళ్ళూ అటూ ఇటూ నడవగలరనే కదా.

ఇప్పుడు ఫోన్లో ద్వారం వారి ఫిడేలు వినిపిస్తుంది, ఇంకెక్కడికీ వెళ్ళక్కర్లేదు అనేవాళ్ళున్నారు. విజయవాడ ఆకాశవాణి 1948లో, విశాఖ కేంద్రం 1963లో మొదలైనప్పుడూ ఈ మాటే అన్నారనుకోవచ్చు. ధ్వని వరకు అది నిజమే. పందిరి శ్రోతకి ఇంకో అధికారం ఉండేది. పద్యం నచ్చితే వన్స్‌మోర్ అని అరిచేవాడు, నటుడు చచ్చిన పాత్రలోంచి లేచి కూర్చుని మళ్ళీ రాగం తీసేవాడు. నాటకం తెలిసినవాళ్ళు దీన్ని వెక్కిరించారు. వెక్కిరింత న్యాయమే, ఔచిత్యం చెడేది. అయినా ఆ కేక కోసమే నటుడు మరో ఊళ్ళో ఆ రాగాన్ని ఇంకాస్త సాధన చేసి పాడేవాడు. కళాశాల హాల్లో విద్వాంసుడికి మార్కులేసే పని పరీక్షకుడిది, రేడియోలో ఆడిషన్ బోర్డుది. ఉద్దానంలో ఆ పని పందిట్లో చాప మీద కూర్చున్న మనిషి చేసేవాడు.