చెరువు మట్టే చెలకకు రక్ష

కొత్తవాడ (వరంగల్): కొత్తవాడ మగ్గాలపై రూపుదిద్దుకునే జంపఖానాలకు మూలం పత్తి. పత్తికి మూలం నేల. ఆ నేల సారాన్ని కాపాడుకునే యత్నానికి వరంగల్ ప్రాంతంలో శతాబ్దాల చరిత్ర ఉంది.

ఇక్కడ ఎర్ర చెలకలు విస్తారం. వానధాటికి వాటి పైమట్టి కొట్టుకుపోయి దిగువ చెరువుల్లో పూడికగా చేరుతుంది. కాకతీయ గణపతిదేవుని పాలన (1199-1262)లో వెలసిన పాఖాల, రామప్ప వంటి చెరువులు నీటితోపాటు ఈ ఒండ్రునూ నిలిపాయి. వేసవిలో చెరువు ఎండగానే రైతులు ఆ మట్టిని బండ్లపై పొలాలకు తరలించడం పూర్వాచారం. బంకపాలు అధికంగా గల పూడికమట్టి చెలకలో తేమను నిలిపి, పోషకాలను తిరిగి చేరుస్తుంది.

ప్రభుత్వపరంగా కరవు పీడిత ప్రాంతాల పథకం దేశంలో 1973-74లో ఆరంభమైంది. కరీంనగర్ జిల్లాకు చెందిన ఆర్థికవేత్త సి.హెచ్.హనుమంతరావు నేతృత్వంలోని కమిటీ సిఫార్సుల మేరకు 1995 ఏప్రిల్ 1 నుంచి వాటర్‌షెడ్ మార్గదర్శకాలు అమలులోకి వచ్చాయి. పనులు గుట్టపై మొదలై లోయకు దిగాలన్నది ఈ పద్ధతి సూత్రం. వాలుకు అడ్డంగా మట్టిగట్లు, వాగుల్లో రాతికట్టలు ఇందులో భాగం.

2015 మార్చిలో ప్రారంభమైన మిషన్ కాకతీయతో పూడికతీత మళ్లీ ఊపందుకుంది. మట్టి ఉచితం కాగా, రవాణా వ్యయాన్ని రైతులు భరించారు.

అయితే పూడిక తరలింపు పోయిన మట్టిని తిరిగి తెస్తుందే తప్ప, పోకుండా ఆపదు. ఎగువ చెలకల్లో గట్లు లేకుంటే చెరువు మళ్లీ పూడుతుంది. చేను మళ్లీ సారం కోల్పోతుంది.