గెలిచింది గొప్ప కార్డు కాదు, చవక కార్డు: నెట్‌వర్క్ కార్డు కథ

పోయిన ఎపిసోడ్‌లో మోడెమ్ గురించి మాట్లాడుకున్నాం కదా. ఈ రోజు దాని పక్క స్లాట్‌లో ఉండే నెట్‌వర్క్ కార్డు గురించి చెప్పుకుందాం. ఇప్పుడు కంప్యూటర్ కొనేవాళ్లెవరూ దీని గురించి అడగరు, మదర్‌బోర్డు మీదే వచ్చేస్తుంది. ఒకప్పుడు మాత్రం ఏ కార్డు కొనాలో ఎంచుకోవడం ఒక పని, బిగించడం ఒక పని, బిగించాక పని చేయించడం ఇంకో పెద్ద పని. ఆ కార్డు అంత చవక ఎలా అయింది? ఆ చవకకి అసలు మూల్యం ఎవరు చెల్లించారు? ఇవాళ్టి ప్రశ్న ఇదే.

కథ 1973 మే 22న మొదలవుతుంది. కాలిఫోర్నియాలో పాలో ఆల్టోలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఒక మెమో రాశాడు. ఆఫీసులో ఉన్న ఆల్టో కంప్యూటర్లన్నిటినీ ఒకే తీగకి కలపాలన్నది ఆలోచన. డేవిడ్ బాగ్స్‌తో కలిసి దాన్ని కట్టాడు. మొదటి వేగం సెకనుకి 2.94 మెగాబిట్లు. హవాయి దీవుల్లో రేడియో మీద నడిచిన అలోహా నెట్‌వర్క్ నుంచి ఒక సూత్రం తీసుకుని మెరుగుపరిచారు. తీగ ఖాళీగా ఉందా అని ముందు వినాలి, ఉంటే మాట్లాడాలి. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే ఇద్దరూ ఆగి, ఎవరికి తోచినంత సేపు వాళ్లు ఊరుకుని, మళ్లీ ప్రయత్నించాలి. రచ్చబండ దగ్గర మనం చేసేది ఇదే కదండీ, పెద్దమనిషి లేకుండానే మాటలు సాగిపోతాయి.

మెట్‌కాఫ్ 1979లో బయటికొచ్చి త్రీకామ్ కంపెనీ పెట్టాడు. 1980లో డిజిటల్, ఇంటెల్, జెరాక్స్ కలిసి 10 మెగాబిట్ల ఈథర్‌నెట్ వివరాలు అందరికీ తెలిసేలా ప్రచురించాయి. నా లెక్కలో ఈ కథకి మలుపు ఇదే. ఎవరైనా ఆ కాగితం చదివి కార్డు చేసుకోవచ్చు. 1982లో ఐబీఎం పీసీకి త్రీకామ్ ఈథర్‌లింక్ కార్డు తెచ్చినప్పుడు ధర దాదాపు 950 డాలర్లు. అంతకుముందు ఏడాది వచ్చిన ఆ పీసీ మూల ధరే 1565 డాలర్లు. అంటే బండి ఖరీదులో సగానికి పైగా చక్రానికే పెట్టినట్టన్నమాట.

1985లో ఐబీఎం టోకెన్ రింగ్ తెచ్చింది. అందులో టోకెన్ ఒకరి నుంచి ఒకరికి తిరుగుతుంది, అది చేతిలో ఉన్నవాడే మాట్లాడాలి. ఢీకొనడాలు లేవు, అంతా క్రమం. కాగితం మీద చూస్తే అదే మేలైన పద్ధతి అని వాదించేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. అయినా ఈథర్‌నెట్ కార్డులు చేసే కంపెనీలు ఎక్కువయ్యేకొద్దీ ధర పడిపోయింది, మార్కెట్ అటే వెళ్లింది.

ఆ ధర పడిపోవడంలో నోవెల్ వాళ్ల ఎన్ఈ2000 కార్డుది పెద్ద పాత్ర. నేషనల్ సెమీకండక్టర్ చిప్ మీద కట్టిన సాదా డిజైన్ అది. దాన్ని చూసి ఎందరో నకళ్లు చేశారు. "ఎన్ఈ2000 కంపాటిబుల్" అని డబ్బా మీద ఉంటే చాలు, కొనేసేవాళ్లు. ఇందులో ఒక మెలిక ఉంది. కార్డు మెమరీలోని డేటాని ప్రాసెసరే స్వయంగా మోసుకెళ్లాలి. కార్డులో మిగిల్చిన డబ్బు ప్రాసెసర్ చాకిరీగా మారింది.

రెండో భారం బిగించేవాడి మీద పడింది. ఇంటరప్ట్ నంబరు అంటే తలుపు గంట అనుకోండి. 0 నుంచి 15 దాకా పదహారు గంటలే, చాలావాటికి అప్పటికే యజమానులున్నారు. ఎన్ఈ2000 మామూలుగా 3వ నంబరు పెట్టుకుని వచ్చేది. రెండో సీరియల్ పోర్టుదీ అదే గంట. అక్కడ మోడెమ్ ఉంటే, డయల్ చేసేదాకా నెట్‌వర్క్ బాగానే ఉండి, డయల్ చేయగానే మొరాయించేది. కేసు విప్పి, కార్డు మీద జంపర్ మార్చి, ఖాళీగా ఉన్న 10కో 11కో పెట్టేవాళ్లం.

మూడోది తీగ. సన్న కోయాక్సియల్ తీగ ఒక్కో ముక్క 185 మీటర్లు దాటకూడదు. ప్రతి కార్డుకీ ఒక టీ ముక్క, రెండు చివర్లా 50 ఓమ్‌ల టెర్మినేటర్లు. ఎక్కడ ఒక్క చోట ఊడినా మొత్తం గది ఆగిపోయేది. అమీర్‌పేటలో ఒక శిక్షణ కేంద్రం ల్యాబ్‌లో మేం వాడిన ఉపాయం చెప్తాను. టెర్మినేటర్ తీసుకెళ్లి తీగ మధ్యలో పెట్టాలి. ఏ సగం బతికితే తప్పు రెండో సగంలో ఉన్నట్టు. దాన్ని మళ్లీ సగం చేయాలి. నాలుగైదు సార్లలో దొంగ దొరికేవాడు.

1990లో 10బేస్-టీ ప్రమాణం వచ్చాక ప్రతి మెషీన్‌కీ హబ్ నుంచి సొంత తీగ, కార్డు మీద ఒక చిన్న లైటు. ఒకడి తీగ ఊడితే ఒకడికే నష్టం. తర్వాత పీసీఐ స్లాట్లు, విండోస్ 95తో ప్లగ్ అండ్ ప్లే వచ్చి జంపర్ల బాధ తగ్గించాయి. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ తెరిచింది. ఆ తర్వాత వెలిసిన నెట్ సెంటర్లలో నేను విప్పిన మెషీన్లలో ఎక్కువగా కనిపించింది రియల్‌టెక్ 8139 చిప్ కార్డే. డ్రైవర్లు రాసేవాళ్లు దాన్ని తిట్టుకున్నారు, ఎందుకంటే వచ్చిన ప్రతి ప్యాకెట్‌నీ ప్రాసెసర్ ఇంకోచోటికి కాపీ చేయాలి. కానీ ఒక చిన్న సెంటర్ పది మెషీన్లకి నెట్ ఇవ్వాలంటే ఆ ధరే దారి.

చవక అంటే నాసిరకం అనుకునేవాళ్లకి ఒక్క మాట. 1994లో నాసా గొడ్డార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డోనాల్డ్ బెకర్ 16 మామూలు 486 మెషీన్లని ఈథర్‌నెట్‌తో కలిపి బేవుల్ఫ్ క్లస్టర్ కట్టారు. లినక్స్‌కి ఈథర్‌నెట్ డ్రైవర్లు ఎన్నో రాసింది ఈ బెకరే. అంగట్లో దొరికే సామానుతో పెద్ద లెక్కలు చేసే దారి అలా పడింది.

అందుకే నా అభిప్రాయం ఇది. గెలిచింది అందరూ చేసుకోగలిగిన కార్డు. దాని లోటుని ప్రాసెసర్లూ, మెకానిక్కులూ, డ్రైవర్లు రాసేవాళ్లూ పూడ్చారు. ఆ శ్రమ ఏ ధర చీటీలోనూ కనిపించదు. వాళ్లు మనకి వదిలివెళ్లిన పద్ధతి మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. నెట్ రాకపోతే ముందు లైటు చూడండి. లేకపోతే తీగ మార్చండి, పోర్టు మార్చండి. లైటు ఉంటే డ్రైవర్ చూడండి. అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. అడ్రస్ సరిగ్గా ఉంటే రౌటర్‌కి పింగ్ కొట్టండి. కింద నుంచి పైకి, ఒక్కో మెట్టే. మెట్లు దాటేసి విండోస్ మళ్లీ ఎక్కించమనేవాళ్ల మాట వెంటనే వినకండి.

వచ్చే ఎపిసోడ్‌లో హబ్ పోయి స్విచ్ ఎలా వచ్చిందో చూద్దాం. సెలవు.