సొంత మైదానం ఎవరి సొంతం?

ఏటా కార్తీకమాసంలో కురుమూర్తి జాతరకు స్వామివారి ఆభరణాలు ఆత్మకూర్ నుంచి బయలుదేరుతాయి. సంస్థానాలు రద్దై డెబ్బైయేళ్ళు దాటింది. అమరచింత సంస్థానానికి ఆత్మకూర్ ముఖ్యపట్టణమన్న మాట పుస్తకాలలో మిగిలింది. ఐనా ఆ నగలు ఇక్కడినుంచే పోవాలి. స్వామి పాదుకలు, వాటిని ఉద్దాలంటారు, చిన్నవడ్డెమాన్‌లో అక్కడి దళితుల చేతిమీదుగా తయారై రావాలి. ఈ ఏర్పాటులో భూస్వామ్యపు వాసన లేదని నేననను. రాజులు తమ పరపతికోసం కల్పించుకున్న మర్యాదలు ఇందులో చాలా వున్నాయి. కాని ఒక్క సంగతి గమనించదగ్గది. ఎక్కువ సొమ్మిస్తామని మరో ఊరు వచ్చి ఆ నగలను తమ వీధుల్లో ఊరేగించమని అడిగితే జనం నవ్విపోతారు. ఆ ఊరి వంతు ఆ ఊరిదే. దానికి దస్తావేజు లేదు, అలవాటే దస్తావేజు.

ఆటలలో "సొంత మైదానం" అనే మాటకు కూడా అర్థం ఇదే. ఒక జట్టు ఏ ఊరి పేరు పెట్టుకుంటుందో ఆ ఊళ్ళో ఆడుతుంది. ఆ ఊరివారు టిక్కెట్టు కొని, ఎండలో కూర్చుని, ఓడితే తిట్టి, గెలిస్తే భుజాలకెత్తుకుంటారు. కొన్నేళ్ళు ఇలా సాగితే ఆ జట్టుమీద వారికొక హక్కు ఏర్పడుతుంది. 1950 నాటి హైదరాబాదు కౌల్దారీ చట్టం ఇటువంటి న్యాయాన్నే భూమి విషయంలో ఒప్పుకుంది. పట్టా ఎవరి పేరనున్నా, ఏళ్ళతరబడి దున్నినవాడికి రక్షిత కౌలుదారు అనే హోదా ఇచ్చింది. ఆ హోదా ఎంతమందికి దక్కింది, ఎంతమందిని దొరలు రాత్రికి రాత్రి వెళ్ళగొట్టారు అనేది వేరే వ్యాసం. ఆటజట్టుకు మాత్రం అటువంటి చట్టం మన దగ్గర రాలేదు. పట్టాదారు తన ఇష్టం వచ్చిన చోటికి జట్టును తోలుకుపోవచ్చు.

ఈ వ్యాపారం అమెరికాలో బాగా ముదిరింది. అక్కడ కళాశాలల ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడే ఆట కాదు. బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆట. టెక్సాస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాల జట్లు 1929 నుంచి ఏటా డాలస్ నగరపు సంతమైదానంలోనే తలపడుతున్నాయి. అది రెండింటిలో ఎవరి ఊరూ కాదు. ఐతే దానికి జాతర లక్షణం వచ్చేసింది కనుక అభ్యంతరం చెప్పేవాళ్ళు తక్కువ. తరువాత వచ్చింది వేరు రకం. డాలస్ పక్కనే ఆర్లింగ్టన్‌లో 2009లో బ్రహ్మాండమైన స్టేడియం లేచింది. ఆర్కన్సా, టెక్సాస్ ఏ అండ్ ఎం జట్లు తమ తమ ప్రాంగణాలు వదిలి, మధ్యలో కొన్నేళ్ళు తప్ప, 2024 దాకా అక్కడికిపోయి ఆడాయి. ఆ స్టేడియంలో ఆడే వృత్తి జట్టు యజమాని జెర్రీ జోన్స్ ఒకనాడు ఆర్కన్సా విద్యార్థిగా ఆడినవాడే! విశ్వవిద్యాలయానికి సొమ్ము వస్తుంది, స్టేడియానికి సొమ్ము వస్తుంది. ప్రాంగణంలో చదువుకునే పిల్లవాడు తన కళాశాల ఆట చూడాలంటే వందల మైళ్ళు పోవాలి. ఇక ఆడే పిల్లవాడో? 2021 దాకా తన పేరుమీద ఒక్క డాలరు సంపాదించుకోవడానికి కూడా అతనికి అనుమతి లేదు. విశ్వవిద్యాలయం నేరుగా అతనికి డబ్బివ్వడమనేది 2025లోగాని మొదలుకాలేదు. మైదానం అమ్ముడుపోయిన చాలాకాలానికిగాని ఆటగాడి శ్రమకు ధర కట్టలేదన్నమాట.

మన దగ్గర కథ ఇలా మొదలుకాలేదు. హైదరాబాదు ఫుట్‌బాల్‌ను నిలబెట్టింది వ్యాపారి కాదు, ఒక బడిపంతులు, ఒక ప్రభుత్వశాఖ. సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయుడు. 1943 నుంచి 1963 జూన్‌లో కాన్సరుతో కన్నుమూసేదాకా హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆయనే శిక్షకుడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పూ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానం పొందింది. మెల్బోర్న్ వెళ్ళిన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం అందరూ ఈ జంటనగరాల మట్టిలో ఆడి పెరిగినవారే.

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని దాచిపెట్టడం చరిత్రకు ద్రోహమౌతుంది. ఆ జట్టు మొదటి రోవర్స్ కప్పు తెచ్చిన 1950లో నల్లగొండ పల్లెలలో పోలీసు అనే మాట వింటే తల్లులు పిల్లలను దాచుకునేవారు. సాయుధపోరాటం విరమణ 1951 అక్టోబరులోగాని జరగలేదు. ఒకే ఖాకీ పల్లెలో లాఠీ, పట్నంలో బూటు. ఐనా పట్నంలో రిక్షావాడూ, బీడీ చుట్టేవాడూ ఆ జట్టును తమదనుకున్నారు. అది వారి అమాయకత్వమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఆ ఆటగాళ్ళు వాళ్ళ గల్లీలనుంచి వచ్చినవాళ్ళు. పోలీసు ఉద్యోగం వాళ్ళకు అన్నం, ఆట వాళ్ళకు మర్యాద.

ఇంకొక ఆక్షేపణ కూడా రావచ్చు. ఆ కప్పులన్నీ బొంబాయిలోనూ, ఢిల్లీలోనూ గెలిచినవే కదా, అప్పుడూ పరాయి మైదానమే కదా అని. నిజమే. ఫతే మైదానంలో కూర్చున్న ప్రేక్షకుడు ఆ ఫైనళ్ళను కంటితో చూడలేదు, పత్రికలో చదువుకున్నాడు. కాని జట్టు పోయి గెలిచి తిరిగివచ్చేది. ఆనాడు డబ్బు లాక్కుపోయింది జట్టును కాదు, ఆటగాళ్ళను. కలకత్తా పెద్ద క్లబ్బులు హైదరాబాదు కుర్రాళ్ళకోసం కాచుక్కూర్చునేవి. తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళి బెంగాలులోనే స్థిరపడ్డాడు. 2023 ఫిబ్రవరిలో అక్కడే పోయాడు. కూలి ఎక్కువ దొరికేచోటికి పనివాడు పోవడంలో తప్పులేదు. పాలమూరు మేస్త్రీవెంట గంపా గడ్డపారా పట్టుకుని దేశమంతా తిరిగిన మట్టిపనివాడిని ఎవరైనా నిందించారా? మనిషి పోయినా ఊరు మిగిలేది, జట్టు మిగిలేది.

2008 తరువాత ఇది తలకిందులైంది. మనుషులు ఎక్కడినుంచో వస్తారు, పోతారు. పేరు మాత్రం ఊరిది. జట్టు ఒక కాగితం.

ఆ కాగితాన్ని 2008 జనవరిలో దక్కన్ క్రానికల్ సంస్థ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్నది. క్రికెట్ జట్టు, దక్కన్ చార్జర్స్. మొదటి యేడు ఎనిమిది జట్లలో ఆఖరిది. 2009లో లోక్‌సభ ఎన్నికల కారణంగా పోటీ మొత్తాన్ని దక్షిణాఫ్రికాకు తరలించారు. ఉప్పల్‌లో ఒక్క బంతి పడలేదు. ఆ యేడే ఈ జట్టు జొహానెస్‌బర్గులో విజేత! 2010లో తెలంగాణ ఉద్యమం పేరుచెప్పి సొంత మ్యాచిలను కటకానికీ, నాగపూరుకూ, నవీ ముంబయికీ మార్చారు. దక్కను ప్రజలు తమ గడ్డకోసం వీధులలో వున్నప్పుడు దక్కను పేరు పెట్టుకున్న జట్టు మహానదీ తీరాన "సొంత" ఆట ఆడుకుంటున్నది. 2012లో మళ్ళీ కొన్ని మ్యాచిలు విశాఖపట్నానికీ, కటకానికీ పోయినాయి. ఆ సెప్టెంబరులో బోర్డు కాగితాన్నే రద్దుచేసింది. అక్టోబరులో మద్రాసు సన్ టీవీ సంస్థ ఏడాదికి 85 కోట్ల 5 లక్షల చొప్పున కొత్త కాగితం కొన్నది.

ఫుట్‌బాల్‌లోనూ అచ్చం ఇదే జరిగింది. హైదరాబాద్ ఎఫ్.సి. 2019 ఆగస్టులో పుట్టింది. గచ్చిబౌలి స్టేడియంలో మొదటి యేడు ఆడి ఆఖరిస్థానం తెచ్చుకుంది. తరువాతి రెండేళ్ళూ కోవిడ్ మూలంగా పోటీ అంతా గోవాలోనే. 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి విజేత అయింది. హైదరాబాదు పేరు మోసిన రెండు జట్లు, రెండు ఆటలు, రెండూ సొంతగడ్డమీద ఆఖరివి, రెండూ సొంతగడ్డ తొక్కని యేడు విజేతలు. ఇది కాకతాళీయమే. ఐతే దీనినుంచి యజమానులు నేర్చుకున్న పాఠం కాకతాళీయం కాదు.

ఎన్నికలు, ఉద్యమం, అంటురోగం, ఈ మూడూ ధనాశ కాదని ఒప్పుకుంటాను. కాని మైదానం లేకుండా కూడా ఖాతా నడుస్తుందని ఈ మూడూ కలిసి రుజువు చేశాయి. లెక్క చూడండి. 2023 నుంచి 2027 దాకా ఐదేళ్ళ ఐ.పి.ఎల్. ప్రసార హక్కులు 48,390 కోట్లకు పోయాయి. అందులో బోర్డు తన వంతు పోను మిగిలింది జట్లకు పంచుతుంది. ఆ సొమ్ము ఆట ఉప్పల్‌లో జరిగినా కటకంలో జరిగినా ఒకటే. గేటు వసూలు దానిముందు చిల్లర. అప్పుడు యజమాని అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ ఊరు మైదానాన్ని చౌకగా ఇస్తుంది, ఏ ప్రభుత్వం ఎదురు సొమ్మిస్తుంది? బేరం కుదరకపోతే పోతామని బెదిరింపు. 2025 మార్చిలో ఉచిత టిక్కెట్ల విషయమై హైదరాబాదు క్రికెట్ సంఘంతో తగాదా వచ్చినప్పుడు సన్‌రైజర్స్ వారు వేరేచోటికి పోగలమన్న మాట వాడనే వాడారు. సంఘం చేతులు శుద్ధమని నేనిక్కడ వాదించడం లేదు. ఆ ఇద్దరి పోట్లాటలో టిక్కెట్టు కొన్నవాడి పేరు ఎక్కడా వినిపించలేదని మాత్రమే నా మనవి.

ఇటువైపు కూడా చూడాలి. ఢిల్లీ జట్టు 2024లోనూ, 2025లోనూ తన సొంత మ్యాచిలు కొన్నింటిని విశాఖలో ఆడింది. విశాఖవాళ్ళు సంతోషించారు. ఎందుకు సంతోషించకూడదు? ఆత్మకూర్ కుర్రవాడికి ఉప్పల్ కూడా దూరదేశమే. పోను రాను బస్సుఖర్చూ, టిక్కెట్టు ధరా కలిపితే వాళ్ళ నాయన వారంరోజుల కూలి. జట్టు ఎప్పుడైనా మహబూబ్‌నగరుకు వచ్చి ఆడితే ముందు వరుసలో నిలబడేది అతనే. ఆటను చిన్న ఊళ్ళకు తీసుకుపోవడం మంచిపనే. జట్లు చిన్న ఊళ్ళకు ఆ ఉద్దేశంతో పోవడం లేదు. పెద్ద స్టేడియం, విమానాశ్రయం, చెక్కు వ్రాసే ప్రభుత్వం వున్నచోటికే పోతున్నాయి. కనుక చిన్న ఊరి పేరు చెప్పి ఈ తరలింపును సమర్థించేవారి మాట నాకు నమ్మబుద్ధి కాదు.

గచ్చిబౌలి స్టేడియం 2002 జాతీయక్రీడలకోసం ప్రజల సొమ్ముతో కట్టింది. 2022 అక్టోబరులో విజేత జట్టు అక్కడికి తిరిగివచ్చినప్పుడు రహీం కాలాన్ని తలచుకున్న ముసలివాళ్ళు లేకపోలేదు. ఆ సంబరం ఏడాది నిలవలేదు. 2023–24లో ఆటగాళ్ళకు జీతాలు బకాయిపడ్డాయి, కొత్తవారిని చేర్చుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య నిషేధించింది, పేరున్నవాళ్ళు వెళ్ళిపోయారు, జట్టు మళ్ళీ అడుగుకు చేరింది. అందరూ వెళ్ళిపోయాక మిగిలిన కుర్రవాళ్ళతో ఆ యేడు సాంతం ఆడించారు. వాళ్ళు ఓడిన మ్యాచిల స్కోర్లు పత్రికలలో ఒక మూలన వచ్చేవి. 2024లో యాజమాన్యం చేతులు మారింది. 2025 అక్టోబరులో కాగితం ఢిల్లీ చేరి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆ యేడే రహీం మీద తీసిన సినిమా వచ్చి ఏడాదిన్నర అయింది. దేశమంతా చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారు.

మనం నష్టపోయామని కోపగించుకునేముందు ఒక మాట గుర్తుంచుకోవాలి. 2019 ఆగస్టులో మనకు దక్కిన ఆ జట్టు స్థానం ఆకాశంనుంచి ఊడిపడలేదు. అది పుణె జట్టుది. అక్కడ మూతపడ్డ జట్టు స్థానాన్నే ఇక్కడివారు తీసుకున్నారు. ఐదేళ్ళు బలేవాడీ స్టేడియానికి పోయి కూర్చున్న పుణె ప్రేక్షకుడి గురించి హైదరాబాదులో ఎవరూ ఒక్క వాక్యం వ్రాసినట్టు నాకు గుర్తులేదు. నేనూ వ్రాయలేదు. అదే ఆగస్టు చివరలో ఢిల్లీ జట్టు డైనమోస్‌ను భువనేశ్వరు తీసుకుపోయి ఒడిశా అని పేరుపెట్టారు. ఆరేళ్ళ తరువాత ఢిల్లీకి మన జట్టు చేరింది.